ఒక వాన చూడాలి

బారసాలకి వెళ్ళేవాళ్ళు వెండి గిన్నె పట్టుకెళ్తారు, పట్టుబట్టలు పట్టుకెళ్తారు. మా ఆవిడ బరకం పట్టుకుని బయల్దేరింది. కళ్ళాల్లో ధాన్యం మీద కప్పే నీలం బరకం, కొత్తది. దాన్ని సంచి అడుగున పెట్టి, పైన వెండి గిన్నె, ఆ పైన చీరా జాకెట్టు ముక్కా సర్దింది. తాడేపల్లిగూడెం స్టేషన్లో ఆ సంచి నా చేతికిచ్చి "జాగ్రత్తండీ" అంది. జాగ్రత్త వెండి గిన్నెకి కాదని నాకు తెలుసు. అప్పటికి నెల రోజులుగా మా ఇంట్లో ఒకటే భయం. మాతోపాటే అన్నం తినేది, మాతోపాటే పడుకునేది, మా కంటే ముందు లేచేది.

ఆ భయం ఏమిటో చెప్పాలంటే ముందు ఆవిడ సంగతి చెప్పాలి.

మాది గూడెంలో పాత కలప వ్యాపారం. పల్లెల్లో పెంకుటిళ్ళు పడగొట్టి డాబాలు లేపుకునేవాళ్ళ దగ్గర ద్వారబంధాలు, తలుపులు, స్తంభాలు కొని అమ్ముతాం. ఉమామహేశ్వరిది అత్తిలి, కిరాణా వర్తకుల పిల్ల. కాపురానికొచ్చిన వారానికి కొట్టు చూస్తానని వచ్చింది. అప్పుడే ఒక టేకు తలుపుని వంటచెరుక్కి కోయిస్తున్నాను. అడుగున చెదపట్టింది, ఎవరూ కొనరు. ఈవిడ ఆ తలుపు మీద, గొళ్ళెం పక్కన గుంటపడ్డ చోట చెయ్యి పెట్టి, "ఇక్కడ ఎవరో రోజూ చెయ్యేసి తోసేవారండీ" అంది. తలుపన్నాక తొయ్యరా అని నవ్వాను. ఆవిడ నవ్వలేదు. కోత ఆపించి, బాగున్న పై సగం ఇంటికి తెచ్చి, మధ్యలో అద్దం బిగింపించి గోడకి పెట్టింది. ముప్పయ్యేళ్ళయింది. ఇప్పటికీ అందులోనే తల దువ్వుకుంటున్నాను, ఉన్నంత మటుకు.

ఆ అద్దం చూసి ఒకరు అడిగారు, ఆ ఒకరిని చూసి మరొకరు. అలా మొదలైంది. ఇప్పుడు కాలం తిరగబడింది కదా, పెంకుటిల్లు పడగొట్టినవాళ్ళకే పెంకుటిల్లు కావాలి. మా నాయనమ్మ నడుం విరిగేలా రుబ్బిన రోలు ఇప్పుడు హాల్లో కూర్చుంటుంది, దాన్నిండా పూలు. గాబులో తామరలు. వీళ్ళకి కావలసింది పాతకాలం కాదు, పాతకాలం ఫొటో. ఆ మాట నేనంటే ఉమకి కోపం. "వస్తువుకి పని చెప్పాలండీ. ముసలిదైపోయిందని మూల కూర్చోబెట్టినా తప్పే, షోకేసులో కూర్చోబెట్టినా తప్పే" అనేది. ఆవిడ సర్దిన ఇళ్ళలో భోషాణంలో నిజంగానే దుప్పట్లుంటాయి. కుంచంలోంచి నిజంగానే బియ్యం తీస్తారు. ఆ పక్కనే గీజరు, ఏసీ, దోమల మెష్ తలుపులు. వైరు ఎక్కడా కంటికి కనపడదు. పెదవేగి దగ్గర పామాయిల్ తోటలో ఒకాయన ఇల్లు చేసినప్పుడు ఏలూరు నుంచి కూడా జనం వచ్చి చూశారు.

ఆవిడకి ఒక అలవాటుంది. గది పూర్తయ్యాక పనివాళ్ళందర్నీ పంపేసి, అందులో ఓ అరగంట పడుకుంటుంది. వెలుగు కంట్లో పడుతోందా, ఫ్యాను చప్పుడు చేస్తోందా, గుమ్మం ఎక్కడ కాలికి తగులుతుంది, ఇవన్నీ పడుకుంటేనే తెలుస్తాయంటుంది. నిద్ర పడితే గది బాగున్నట్టు. చాలాసార్లు నేనే వెళ్ళి లేపాల్సొచ్చేది.

మూడేళ్ళ కిందటి వేసవిలో చలపతిరావుగారి ఇల్లు వచ్చింది. ఏలూరు దాటి దక్షిణంగా పోతే వరిచేలు తగ్గి చేపల చెరువులు మొదలవుతాయి. ఆ చెరువుల మధ్య, కొల్లేటి గాలి నేరుగా తగిలే ఊళ్ళో ఆయన ఇల్లు. మధ్యలో మండువా, చుట్టూ గదులు, పైన గూన పెంకు. ఆయన మాట్లాడేది తక్కువ, పొలంలో ఉండేది ఎక్కువ. మాకు పని చెప్పింది ఆయన భార్య తులసిగారు. ఆవిడ గొంతు పెంచగా ఆ ఊళ్ళో ఎవరూ వినలేదట.

"మా హర్షిత పురిటికొస్తోందండీ" అంది తులసిగారు. "అత్తారింట్లో ఏసీ అలవాటైపోయింది. ఇక్కడ ఉక్కలో పిల్లా, పసిబిడ్డా మాడిపోకూడదు. అలాగని మా అత్తగారి గదిని హాస్పటల్ రూములా చేసేయకండి. మా ఆయనా, మా హర్షితా ఆ గది ఉయ్యాల్లో పెరిగినవాళ్ళేనండీ. రెండూ ఉండాలి. చల్లగానూ ఉండాలి, మాదిలాగానూ ఉండాలి."

ఉమకి ఇంతకంటే ఏం కావాలి? పొంగిపోయింది. అయితే తులసిగారు ఇంకో మాట కూడా అంది. కడుపుతో ఉన్న పిల్ల ఇంట్లో ఉండగా గోడ తవ్వకూడదు, మేకు కొట్టకూడదు, సుత్తి చప్పుడే వినపడకూడదు. పురుడయ్యాక పసిబిడ్డ ఉంటుంది కాబట్టి అప్పుడూ కుదరదు. మే ముప్పయ్యో తారీఖున హర్షితని తీసుకొస్తున్నారు. ఆలోపు ఆఖరి మేకు పడిపోవాలి.

పెంకుటింట్లో ఏసీ పెట్టాలంటే సీలింగ్ తప్పదు. లేకపోతే చల్లదనమంతా పెంకు సందుల్లోంచి కొల్లేటికి పోతుంది. సీలింగ్ కంటే ముందు పెంకు తీసి మళ్ళీ నేయించాలి. అందుకు ఎలీయాజరుని పిలిచాం. అరవై దాటిన మనిషి, పెంకు మీద పిల్లిలా నడుస్తాడు. ఆ చుట్టుపక్కల మిగిలిన పెంకుటిళ్ళన్నీ ఆయన చేతిలోవే. ఆరు రోజుల్లో పని ముగించి, కిందికి దిగి, తలపాగా విప్పి దులుపుకుంటూ అన్నాడు:

"అయిపోయిందండి అమ్మగారూ. ఇంక ఒక వాన చూడాలండి."

నాకు అర్థం కాలేదు. ఆయనే చెప్పాడు. ఎంత బాగా నేసినా ఎక్కడో ఒక పెంకు మాట వినదు. మొదటి వానకి అది కారుతుంది. కింద చినుకు పడ్డ చోట బొగ్గుతో గుర్తు పెట్టుకుని, దాని పైనున్న పెంకు సర్దుకోవాలి. అప్పుడే పని పూర్తయినట్టు.

"అది చూశాక కొట్టించుకోండి మీ అట్టలు" అన్నాడు. జిప్సం బోర్డుల్ని ఆయన అట్టలనే అనేవాడు.

"వాన ఎప్పుడొస్తుందో ఎవరికి తెలుసు ఎలీయాజరుగారూ? పిల్ల ముప్పయ్యో తారీఖుకి వచ్చేస్తుంది."

"వాన నా చేతిలో లేదండి. మీ చేతిలోనూ లేదండి."

"మే నెలాఖరులోపు ఒక గాలివానైనా పడకపోదు కదా?"

"పడితే మంచిదేనండి." ఆయన తలపాగా చుట్టుకున్నాడు. "మీ ఇష్టమండి."

మా గోదావరి వైపు మనిషి "మీ ఇష్టమండి" అన్నాడంటే వద్దని చెప్పినట్టే. ఉమకి అది తెలుసు. నాలుగు రోజులు ఆకాశం చూసింది. నిప్పులు చెరిగే ఎండ తప్ప ఏమీ లేదు. ఐదో రోజు సీలింగ్ వాళ్ళని పిలిచింది.

వాళ్ళతో ఉమ పోట్లాడింది ఒకే ఒక్క విషయానికి. గది మధ్య దూలానికి ఉయ్యాల కొక్కెం ఉంది. దాని కిందికి గొలుసు దిగాలి కాబట్టి సీలింగులో అరచేయంత కన్నం ఉంచమంది. అసహ్యంగా ఉంటుందన్నాడు మేస్త్రీ, స్టాండు ఉయ్యాల కొనుక్కోమన్నాడు. "ఆ ఇంటి పిల్లలంతా ఆ కొక్కేనికే ఊగారు. నువ్వు మూస్తే నేను మళ్ళీ తెరుస్తాను" అంది. కన్నం ఉంచాడు.

గది నిజంగా బాగా కుదిరింది. నాపరాళ్ళ నేల కడిగించి నూనె పట్టించింది. ముసలావిడ పందిరి మంచానికి కొత్త పరుపు, కిటికీకి మెష్, భోషాణంలో పసిబిడ్డ బట్టలు. మూలన ఇత్తడి లాంతరు, లోపల చిన్న బల్బు. పైన తెల్లటి సీలింగు, మధ్యలోంచి దిగిన ఉయ్యాల గొలుసు. ఉమ అలవాటు ప్రకారం తలుపు మూసి మంచం మీద పడుకుంది. పది నిమిషాలకే బయటికొచ్చింది.

"నిద్ర పట్టలేదండీ" అంది.

మే ముప్పయ్యో తారీఖు వరకూ వాన పడలేదు. హర్షిత వచ్చింది, గది చూసి ఉమకి ఫోన్ చేసి మరీ మురిసిపోయింది. ఆ తరువాత మా ఇంట్లో ఆ భయం మొదలైంది.

ఆ జూన్ నెలలో గోదావరి జిల్లాల్లో రైతన్నవాడు ప్రతివాడూ తలెత్తి మబ్బు కోసం చూశాడు. రుతుపవనాలు వచ్చేశాయని టీవీ చెప్పేది, నారుమళ్ళు మాత్రం ఎండిపోయేవి. అంతమంది వాన రావాలని మొక్కుతుంటే, గూడెంలో ఒక్క మా ఆవిడ రాకూడదని మొక్కింది. పాపం కదే అంటే, "పాపమేనండీ. పాపమని తెలిసే మొక్కుతున్నాను" అనేది.

పొద్దున్నే లేచి పడమర వైపు చూసేది. మధ్యాహ్నం కాస్త మసకేస్తే తులసిగారికి ఫోన్.

"అక్కడేవన్నా చినుకులు పడ్డాయాండీ?"

"ఎక్కడండీ! మండిపోతోంది. మా నారు సంగతి మాకంటే మీకే ఎక్కువ దిగులుగా ఉందండీ."

తులసిగారు మంచిది కాబట్టి అలా అనుకుంది. నేను పక్కనుండి వినేవాణ్ణి. నాకు ఒళ్ళు మండేది.

"చెప్పెయ్ ఉమా. ఒక వాన చూడకుండానే సీలింగు కొట్టించానని చెప్పెయ్" అన్నాను.

"ఇప్పుడెలాగండీ? నిండు నెలలు. కంగారు పడితే?"

జూన్ ఎనిమిదిన ఏలూరు ఆస్పత్రిలో హర్షితకి ఆడపిల్ల పుట్టింది. ఇప్పుడు చెప్పు అన్నాను. పచ్చి బాలింత, ఇంటికి రానీయండి అంది. పన్నెండో తారీఖున ఇంటికొచ్చారు. ఇప్పుడైనా చెప్పమన్నాను. చెబితే సీలింగు విప్పాలంటారు, పసిబిడ్డ ఉండగా సుత్తి ఎలా అంది. ఇంకో రోజు, అసలు కారుతుందని ఏముంది, ఎలీయాజరు చేతి పని కదా అంది. చెప్పకపోవడానికి రోజుకొక కారణం దొరికింది. అన్నీ మంచి కారణాలే. ఒక్కటి మాత్రం ఆవిడ ఎప్పుడూ బయటికి అనలేదు. ముప్పయ్యేళ్ళలో ఉమగారు పని తప్పు చేసిందని ఎవరూ అనలేదు. ఆ మాట పడాలంటే ఆవిడకి ప్రాణం పోయినట్టుంది.

నన్నూ అనండి. ఫోన్ నా దగ్గరా ఉంది, చలపతిరావుగారి నంబరూ ఉంది. నేను చెప్పొచ్చు. పెళ్ళాం మీద అరవడంతో నా బాధ్యత తీరిందనుకున్నాను.

ఇరవయ్యో తారీఖు సాయంత్రం గూడెంలో పది నిమిషాలు జల్లు పడింది. ఉమ తింటున్న ఇడ్లీ వదిలేసి లేచింది. ఫోన్ చేస్తే అవతల ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఏడోసారికి తులసిగారు ఎత్తి, పిల్లకి స్నానం చేయిస్తున్నామండీ, ఇక్కడ చుక్క పడలేదండీ అంది. ఉమ ఫోన్ పెట్టేసి గోడకి ఆనుకుని అలాగే కింద కూర్చుండిపోయింది. కుడితిలో పడ్డ ఎలుకలా ఎన్నాళ్ళు కొట్టుకుంటావే అని అడిగాను.  ఆ మర్నాడే బజారుకెళ్ళి బరకం కొనుక్కొచ్చింది.

బారసాల ఇరవై ఎనిమిదిన. పాసింజరు రైల్లో వెళ్ళాం. భీమడోలు వచ్చేసరికి పడమర నల్లగా లేచింది. అంత మబ్బు ఆ ఏడాది అదే మొదలు. ఎదురు సీట్లో రైతు ఒకాయన కిటికీలోంచి తల బయటపెట్టి చూసి, పిల్లాడిలా చప్పట్లు కొట్టాడు.

"ఇవాళ దంచేస్తుందండీ!" అన్నాడు ఉమతో. "ఇన్నాళ్ళకి మన మొర విన్నాడండీ!"

ఉమ ఆయన్ని చూసిన చూపు, పాపం, ఆ మనిషి జన్మలో మర్చిపోయుండడు.

ఏలూరులో దిగి ఆటో మాట్లాడుకున్నాం. ఆటో వాడితో ఉమ "తొందరగా పోనీ నాయనా" అనడం, నేను "నెమ్మదిగా" అనడం. చెరువుల గట్ల మీద గాలి లేచింది. మేం గుమ్మంలో అడుగు పెట్టేసరికి పెంకు మీద మొదటి చినుకులు టపటపమన్నాయి. మండువాలో ఉన్న మగవాళ్ళంతా "వచ్చింది, వచ్చింది" అని కేకలేశారు. చలపతిరావుగారు, ఆ మాట్లాడని మనిషి, నా భుజం పట్టుకుని ఊపేశారు. "మా మనవరాలు వాన పట్టుకొచ్చిందండీ!" అన్నారు.

గదిలో ఆడవాళ్ళంతా కిక్కిరిసి ఉన్నారు. హర్షిత భర్త దుర్గాసాయి పళ్ళెంలో బియ్యం పోసి, ఉంగరంతో పేరు రాయడానికి కూర్చున్నాడు. పిల్లని ఉయ్యాల్లో పడుకోబెట్టి, పెద్దావిడ ఒకరు పాట ఎత్తుకుంది. ఉమ గుమ్మం దగ్గరే నిలబడి సీలింగు కేసి చూస్తోంది. నేనూ చూశాను. మరకైనా లేదు. తెల్లగా, నున్నగా, నిన్న వేసినట్టుంది. వాన పెంకు మీద హోరుమంటోంది, గదిలో ఏసీ చల్లగా వస్తోంది. హమ్మయ్య అనుకున్నాను. ఎలీయాజరు చెయ్యి గట్టిదే అనుకున్నాను.

అప్పుడు పిల్ల బుగ్గ మీద ఒక చుక్క పడింది.

పిల్ల కళ్ళు చిట్లించింది. పాట పాడే పెద్దావిడ ఆగి, "ఒసే! వానదేవుడు అక్షింతలేశాడే!" అంది. ఇల్లంతా ఘొల్లుమంది. ఇంకో చుక్క పడింది. శుభం శుభం అన్నారు. అంత సంతోషంలో ఉయ్యాల గొలుసు కేసి చూసింది ఉమ ఒక్కతే. కన్నంలోంచి దిగిన గొలుసు తడిగా మెరుస్తోంది. కొక్కెం దగ్గర్నుంచి ఒక్కో కొండీ దాటుకుంటూ నీళ్ళు జారుతున్నాయి.

"పాపని తీయండి!" అని అరిచింది.

ఎవరూ కదల్లేదు. ఆవిడే జనాన్ని తోసుకుంటూ వెళ్ళి, పేరు పెట్టని పిల్లని, తను పరాయి మనిషై ఉండి, ఉయ్యాల్లోంచి రెండు చేతులతో తీసి గుండెకి హత్తుకుంది. "బయటికి రండమ్మా, అందరూ బయటికి వచ్చేయండి. గదిలో ఎవరూ ఉండొద్దు!" దుర్గాసాయి చేతిలో ఉంగరం అలాగే ఆగిపోయింది.  హర్షిత ముఖం పాలిపోయి, ఏడుస్తున్న పిల్లని ఉమ చేతుల్లోంచి లాక్కుంది. అందరూ మండువా చుట్టూ ఉన్న వసారాలోకి వచ్చారు. "ఇదేం అపశకునమమ్మా" అని ఎవరో గొణిగారు. "వ్యాపారస్తులు కదా, సీలింగు తడుస్తుందని బెంగ" అని ఇంకెవరో అన్నారు.

పావుగంట గడిచింది. గది ఖాళీగా, తలుపు తెరిచి ఉంది. అందరం బయటినుంచి లోపలికి చూస్తున్నాం. ఏమీ జరగలేదు. సీలింగు నవ్వుతున్నట్టే ఉంది. చుట్టాలు గది వైపు చూడ్డం మానేసి ఉమ వైపు చూడ్డం మొదలుపెట్టారు. ఆవిడ స్తంభాన్ని పట్టుకుని నిలబడింది. దేవుడు నన్ను క్షమించాలి, ఆ సీలింగు కూలిపోతే బాగుణ్ణని ఆ క్షణంలో నేను కోరుకున్నాను.

ఆ వానలో ఎలీయాజరు వచ్చాడు. ఎవరూ పిలవలేదు. మొదటి వానకి తను నేసిన ఇళ్ళన్నీ తిరిగి చూసుకోవడం ఆయన పద్ధతట. నెత్తిన ప్లాస్టిక్ గోతాం కప్పుకుని, చేతిలో గెడతో మండువా గట్టు మీద నిలబడ్డాడు. ఒకళ్ళు చెప్పకుండానే గదిలోకి వెళ్ళి, గొలుసు పట్టుకుని, తడిచిన చెయ్యి చూసుకున్నాడు. తరువాత గెడ చివరతో సీలింగుని అక్కడక్కడ తట్టుకుంటూ వెళ్ళాడు. గది అంతా ఒక చప్పుడు. పందిరి మంచం తలవైపు మాత్రం వేరే చప్పుడు, మెత్తగా.

"ఎవరూ లోపలికి రావద్దండి" అన్నాడు. పక్కకి జరిగి, గెడతో పొడిచాడు.

బోర్డు రెండుగా విరిగి పడింది. దానితోపాటు బిందెడు మట్టినీళ్ళు, చెత్త, మూడు పెంకులు. ఒక పెంకు పరుపు మీద పడి చీలింది. మాట వినని పెంకు అక్కడ ముందే ఉందని, సీలింగు వాళ్ళు రాడ్లు వేలాడదీయడానికి వాసాలకి డ్రిల్లు కొట్టినప్పుడు అది పక్కవాటితో సహా ఇంకా జరిగిందని ఎలీయాజరు ఆ తరువాత చెప్పాడు. నీళ్ళు కొంత అట్ట మీద నిలిచాయి, కొంత దూలం వెంట పారి కొక్కెం దాకా వచ్చాయి. ఉయ్యాల కన్నమే లేకపోతే ఎవరికీ తెలిసేది కాదన్నాడు. అప్పుడు మాత్రం ఎవరికీ ఏ మాటా వినపడలేదు. అందరూ మంచం కేసే చూస్తున్నారు. తలవైపు, పసిబిడ్డ తల గుండ్రంగా రావడానికి పెట్టే ఆవాల దిండు ఉంది. పెంకు దాని మీదే పడింది. దిండు చినిగి, ఆవాలు మట్టినీళ్ళలో కలిసి కారుతున్నాయి.

హర్షిత పిల్ల తలని అరచేత్తో కప్పేసింది.

"బరకం ఏవన్నా ఉందాండి? పైన కప్పొస్తాను" అని అడిగాడు ఎలీయాజరు.

చలపతిరావుగారు ఉన్న బరకాలన్నీ కళ్ళంలో ఉన్నాయన్నారు. నేను, తెలివి తక్కువ వెధవని, సంచిలోంచి చీర తీసి, వెండి గిన్నె తీసి, అడుగునున్న నీలం బరకం తీసి ఇచ్చాను. ఇచ్చాక గాని నేనేం చేశానో నాకు తెలియలేదు. బరకం మడత మీద షాపు వాడి చీటీ ఇంకా అలాగే ఉంది. తులసిగారు దాన్ని చూసింది. పీట మీద పెట్టిన వెండి గిన్నెని చూసింది. తరువాత ఉమ ముఖం కేసి చూసింది.

"మీకు ముందే తెలుసాండీ?"

ఉమ తలూపింది. ఎలీయాజరు చెప్పిన మాట, తను వినకపోవడం, నెల రోజులుగా ఫోన్లు ఎందుకు చేసిందీ, అన్నీ చెప్పేసింది. ఏడవలేదు. ఏడిస్తే జాలిపడతారని ఏడుపు ఆపుకుందని నాకు తెలుసు. తిడతారనుకున్నాను, తిట్టాలి కూడా. తులసిగారు తిట్టలేదు. గొంతూ పెంచలేదు.

"చెప్పుంటే అవతల గదిలో పడుకోబెట్టేవాళ్ళం కదండీ" అంది. "అంతేకదండీ."

 నెల రోజుల్లో ఉమ అన్ని కారణాలు వెతుక్కుంది గాని, పక్కనే ఇంకో గది ఉందన్న సంగతి ఆవిడకీ తట్టలేదు, నాకూ తట్టలేదు. చెప్పడమంటే సీలింగు విప్పడమనే అనుకున్నాం. పదహారు రోజులు ఆ పసిదాని తల ఆ పెంకు కిందే ఉంది.

ముహూర్తం దాటకుండా ఉయ్యాలని వసారా దూలానికి కట్టి, అక్కడే బారసాల కానిచ్చారు. తేజశ్రీ అని పేరు పెట్టారు. భోజనం చేయకుండా వెళ్ళడానికి వీల్లేదని తులసిగారే మాకు ఆకులు వేయించింది. ఉమ అన్నం కలిపి, తినకుండానే ఆకు మడిచేసింది.

ఆ గదిని ఉమ మళ్ళీ చేసిపెట్టింది. హర్షిత అత్తారింటికి వెళ్ళాక, ఎలీయాజరు సరేనన్నాక. ఈసారి సీలింగుకి నాలుగు చోట్ల మూతలున్నాయి, తీసి చూసుకోవచ్చు. ఇప్పుడు ఎవరు పని చెప్పినా ముందే చెప్తుంది: పెంకు నేశాక ఒక వాన చూడాలి, ఆ తరువాతే మిగతాది. తొందరైతే ఇంకొకర్ని చూసుకోమంటుంది. కొందరు చూసుకున్నారు కూడా. మొదటి వాన పడ్డ రోజు ఎలీయాజరు మోపెడ్ వెనక, ఆ తరువాత కొన్న మా కారు వెళ్తుంది. ఆయన పైకెక్కితే, కింద మా ఆవిడ చేతిలో బొగ్గు ముక్కతో తలెత్తి నిలబడుతుంది. యాభై ఏడేళ్ళ మనిషి, మెడ నొప్పి అంటూనే నిలబడుతుంది. గదిలో పడుకుని చూసే అలవాటు మాత్రం పోయింది. పడుకుంటే ఇప్పుడు ఏ గదిలోనూ నిద్ర రాదంటుంది.

ఈ ఏడు మొదటి వాన జూన్ పదకొండున, కొల్లేటి వైపు ముందు పడింది. గూడెంలో ఇంకా ఎండే. మేం బయల్దేరుతుండగా ఉమ ఫోన్ మోగింది. తులసిగారు. మూడేళ్ళుగా మొదటి వానకి ఆవిడ తప్పకుండా ఫోన్ చేస్తుంది. స్పీకర్లో నాకూ వినపడింది.

"ఉమగారూ, ఇక్కడ వాన మొదలైందండీ. తేజశ్రీ వచ్చుందండీ. అవతల గదిలో ఆడుకుంటోంది. మీరు కంగారు పడకండేం."

దెప్పడం ఆవిడకి చేతకాదు. నిజంగానే ఉమ కంగారు పడుతుందని చేస్తుంది. ఉమ "మంచిదండీ" అని ఫోన్ పెట్టేసి, కారు తలుపు తీసింది.

"చూశారా, ఆవిడ చెప్తుందండీ" అంది. "నేనే చెప్పలేదు."